మెంఫిస్‌లో ఓ.వి. రైట్ పాట, రెండుసార్లు

మెంఫిస్ వెళ్తున్నామంటే డాలస్‌లో మావాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఇల్లు చూడటానికా అని. కాదు, ఓ.వి. రైట్ అని నల్లజాతివాళ్ల ‘సోల్’ పాటల పాత గాయకుడు, ఆయన కోసం అంటే అదెవరని అడిగారు. మా ఆవిడ ఒక్కతే అడగలేదు, రెండేళ్లుగా కారెక్కినప్పుడల్లా తనకి ఆ గొంతే వినిపిస్తోంది కాబట్టి.

దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఐ-30 హైవే మీద లిటిల్ రాక్ దాకా, అక్కణ్నుంచి ఐ-40, మధ్యలో ఆగి పులిహోర తినడం, మొత్తం ఏడు గంటలు. మిసిసిపీ వంతెన ఎక్కినప్పుడు మాత్రం రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైల్లో వెళ్తున్నట్టనిపించి జేబులో చిల్లర తడుముకున్నాను. ఆ సాయంత్రం మెంఫిస్‌లో పాటల వీధి బీల్ స్ట్రీట్‌కి వెళ్తే పార్కింగ్‌కే పాతిక డాలర్లు గుంజారు. ఏ దుకాణం చూసినా ఎల్విస్ కప్పులు, ఎల్విస్ టీషర్టులు, లేకపోతే బ్లూస్ గాయకుడు బి.బి. కింగ్. మూడు చోట్ల ఓ.వి. రైట్ రికార్డు ఉందా అని అడిగాను. ఒకచోట కుర్రాడు స్పెల్లింగ్ చెప్పమన్నాడు. రాత్రి మాకు పడక ఇచ్చిన స్నేహితుడు ఫెడెక్స్ ప్రాజెక్టు మీద వచ్చి ఆరేళ్లుగా ఆ ఊళ్లోనే ఉన్నాడు, అతను కూడా పేరు వినలేదు. అతని తప్పేం లేదు గానీ, నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఓ.వి. రైట్ పక్కింటి పిల్లాడిలాంటివాడు ఆ ఊరికి. 1939లో మెంఫిస్ దగ్గర్లోనే పుట్టాడు, చిన్నప్పటి నుంచి పాడినవన్నీ చర్చి పాటలే. 1964లో గోల్డ్‌వాక్స్ అనే చిన్న రికార్డు కంపెనీకి ‘దట్స్ హౌ స్ట్రాంగ్ మై లవ్ ఈజ్’ పాడాడు. అది రాసింది బ్లడ్ బ్యాంకులో పనిచేసే రూజ్‌వెల్ట్ జేమిసన్. అదే పాటని ఇంచుమించు అప్పుడే ఇంకో సోల్ గాయకుడు ఓటిస్ రెడింగ్ కూడా పాడాడు, లోకానికి గుర్తుండిపోయింది అతను పాడిందే. ఈలోగా హూస్టన్‌లో రికార్డు కంపెనీల యజమాని డాన్ రోబీ, చర్చి పాటల నాటి ఒప్పందం ఇంకా నా దగ్గరే ఉంది, నువ్వు నాకే పాడాలి అని రైట్‌ని తన బ్యాక్ బీట్ లేబుల్‌కి లాక్కున్నాడు. 1965లో ‘యు ఆర్ గోనా మేక్ మీ క్రై’ నల్లజాతి సంగీతానికి వేరుగా ఉండే ఆర్ అండ్ బి చార్టులో 6వ స్థానానికి వచ్చింది, 1967లో ‘ఎయిట్ మెన్, ఫోర్ విమెన్’ 4వ స్థానానికి వచ్చింది. పాప్ చార్టులో మాత్రం పైమెట్లు ఎప్పుడూ ఎక్కలేదు. తర్వాత మత్తుమందులు, డెబ్బైల నడుమ జైలు. బయటికొచ్చాక మళ్లీ పాడాడు, 1979లో జపాన్ వెళ్లి పాడితే అక్కడ లైవ్ ఆల్బమ్ కూడా తీశారు. 1980 నవంబరులో గుండె ఆగి పోయాడు, నలభై ఒక్కేళ్లకే. సమాధి మీద పేరున్న రాయి పడింది 2008లో, అదీ అభిమానులు పూనుకుంటే. ఇరవై ఎనిమిదేళ్లు! ఈ సంగతి చదివిన రోజే మెంఫిస్ వెళ్లాలనుకున్నాను.

మర్నాడు పొద్దున మెక్‌లెమోర్ అవెన్యూలో స్టాక్స్ అనే పాత సోల్ రికార్డు కంపెనీ మ్యూజియం చూశాం. గాయకుడు ఐజాక్ హేస్ బంగారు తాపడం కాడిలాక్ కారు గుండ్రంగా తిరుగుతుంటే మా అమ్మాయి కదల్లేదు. వాళ్లిద్దర్నీ అక్కడే ఉంచి నేను ఒక్కణ్నే రాయల్ స్టూడియోకి బయల్దేరాను, కారులో అయిదు నిమిషాలు. ఒకప్పుడు సినిమా హాలు అది, లోపల నేల ఇప్పటికీ వాలుగానే ఉంటుందట. నిర్మాత విల్లీ మిచెల్ అక్కడే సోల్ గాయకుడు ఆల్ గ్రీన్ పేరుమోసిన పాటలు చేశాడు, ఆ వీధికి ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. రైట్ పాడిన ‘ఎ నికెల్ అండ్ ఎ నెయిల్’ కూడా అక్కడిదే. అదే గది, అదే విల్లీ మిచెల్, వాయించిన హాడ్జెస్ అన్నదమ్ములు కూడా వాళ్లే. ఒకాయన ప్రపంచానికి తెలిశాడు, ఇంకొకాయన ఆ ఊరి కుర్రాడికి స్పెల్లింగ్ చెప్పాల్సి వచ్చింది. ఇది నాకు మింగుడుపడదు.

ముందుగా చెప్పకుండా వెళ్తే లోపలికి రానివ్వరని తెలుసు, ఇప్పటికీ పనిచేస్తున్న స్టూడియో అది. బయట నిలబడి గోడ చూస్తుంటే చక్రాల ఊతకర్ర తోసుకుంటూ ఓ పెద్దాయన వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్లని తర్వాత చెప్పాడు. ఎక్కణ్నుంచి వచ్చావబ్బాయ్, ఆల్ గ్రీన్ కోసమా అన్నాడు. కాదండీ, ఓ.వి. రైట్ కోసం అన్నాను. ఆయన ఊతకర్రకున్న సీటు దించుకుని కూర్చున్నాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. అప్పుడు చెప్పడం మొదలెట్టాడు. డబ్ల్యూడీఐఏ అనే మెంఫిస్ రేడియోలో ఆ గొంతు వస్తే వాళ్లమ్మ కట్టేసేదట, దేవుడి పాటలు పాడినవాడు ఆడదాని కోసం ఏడవడమేమిటని. అందుకని పెళ్లయ్యాక, వేరు కాపురం పెట్టాక, ఆయనా భార్యా ఆదివారం చర్చి నుంచి వచ్చి ఆ రికార్డే పెట్టుకునేవాళ్లట. ఆవిడ పోయి ఆరేళ్లయింది. రికార్డులు కూతురి ఇంట్లో ఉన్నాయట, వాయించే మెషీన్ లేదట.

ఎండ దంచేస్తోంది. నా కార్లో ఏసీ ఉంది, రండి కూర్చోండి అన్నాను. ఆయన నన్నొకసారి పైకీ కిందకీ చూసి సరేనన్నాడు. ‘యు ఆర్ గోనా మేక్ మీ క్రై’ పెట్టాను.

మా అమ్మమ్మ వాళ్లూరు తెనాలి పక్కన. చిన్నప్పుడు అక్కడ శ్రీరామనవమికి పందిట్లో పద్యనాటకాలు వేసేవాళ్లు. హరిశ్చంద్రుడి కాటిసీను తెల్లవారుజాము మూడింటికి వచ్చేది. ఒకాయన ఉండేవాడు, బక్కపలచగా, పగలు ఏదో కొట్లో పద్దులు రాసేవాడు. పద్యం చివరి మాట పట్టుకుని రాగం తీస్తే మా తాతయ్య చాప మీద నుంచి లేచి నిలబడేవాడు. ఆయన పేరు మా అమ్మకీ గుర్తులేదు, పోయినేడు ఊరెళ్లినప్పుడు అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. ఓ.వి. రైట్ ఒక్క మాటని పట్టుకుని విరగ్గొట్టి, గొంతులో గరుకు తగిలించి లాగుతుంటే నాకు మొదటిసారి గుర్తొచ్చింది ఆయనే. సంగీతం తెలిసినవాళ్లు రెండూ వేరంటారేమో, నాకు మాత్రం ఒకటే వినిపిస్తుంది.

కార్లో పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. వేళ్లు మోకాలి మీద తాళం వేస్తున్నాయి, పెదాలు కదులుతున్నాయి గానీ బయటికి పాడలేదు. పాట అయిపోయింది. ఆయన కళ్లు తెరవకుండానే ఒక వేలు పైకెత్తి, మెల్లగా, “వన్స్ మోర్” అన్నాడు.

అచ్చం మా తాతయ్య అన్నట్టే అన్నాడు. మా ఆవిడ ఫోన్ మోగుతోంది, మ్యూజియం దగ్గర ఆకలేస్తోందని. పది నిమిషాలని మెసేజ్ పెట్టి, పాట మళ్లీ మొదటికి తిప్పాను.