మ్యాపులో ఖాళీగా కనిపించే సీటు

స్టాండ్‌బై టికెట్ అంటే చౌక టికెట్ అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది ముందుగా సీటు హామీ లేని టికెట్. ధర తక్కువ కావడం దాని పర్యవసానం మాత్రమే. నా భార్య విమానయాన సంస్థలో ఉద్యోగి కనుక, కుటుంబ సభ్యుడిగా నేను ఏళ్ల తరబడి ఇలాగే ప్రయాణిస్తున్నాను.

సామాన్య ప్రయాణికులకు కూడా ఈ పద్ధతి బాగా అందుబాటులో ఉన్న కాలం ఒకటుండేది. 1977 సెప్టెంబరులో బ్రిటిష్ విమానయాన వ్యాపారి ఫ్రెడ్డీ లేకర్ లండన్ గాట్విక్ నుంచి న్యూయార్క్‌కు ప్రారంభించిన స్కైట్రెయిన్ అనే విమాన సర్వీసులో ముందస్తు రిజర్వేషన్ లేదు. వచ్చిన వరుసలో టికెట్ కొనుక్కుని ఎక్కడమే. దానికి పోటీగా పెద్ద సంస్థలు కూడా అట్లాంటిక్ మార్గంలో స్టాండ్‌బై చార్జీలు ప్రవేశపెట్టాయి. 1982 ఫిబ్రవరిలో లేకర్ సంస్థ మూతపడింది. ఆ తర్వాత మిగిలిన సీట్ల ధరను కంప్యూటర్లు గంటగంటకూ మార్చి అమ్మడం మొదలుపెట్టడంతో, నేడు స్టాండ్‌బై ప్రధానంగా సిబ్బందికి, వారి కుటుంబాలకు, అదే రోజు మరో విమానానికి మారాలనుకునే ప్రయాణికులకు పరిమితమైంది.

కొత్తవారు ఎక్కువగా పొరబడేది సీట్ మ్యాపు దగ్గర, అంటే విమానంలో ఏ సీటు ఖాళీయో చూపే పటం దగ్గర. అందులో ఇరవై సీట్లు ఖాళీగా కనిపించినా, టికెట్ కొని ఇంకా సీటు ఎంచుకోనివారే పదిహేను మందికి పైగా ఉండవచ్చు. పైగా కొందరు రారన్న అంచనాతో సంస్థలు ఉన్న సీట్లకంటే ఎక్కువ టికెట్లు అమ్ముతాయి. మరోవైపు, పూర్తిగా నిండిందని చెప్పిన విమానంలోనూ కనెక్షన్ అందుకోలేకపోయినవారి సీట్లు చివరి నిమిషాల్లో ఖాళీ అవుతాయి. అందుకే గేటు మూసే సమయం దాకా అక్కడి నుంచి కదలకూడదు. తీవ్రమైన ఎండ ఉన్న రోజున గాలి సాంద్రత తగ్గి, టేకాఫ్ బరువుకు పరిమితి విధించవలసి వస్తే, కళ్లెదుట సీట్లున్నా స్టాండ్‌బైవారిని ఎవరినీ ఎక్కించకుండానే విమానం బయలుదేరవచ్చు. ఇది గేటు దగ్గరి ఉద్యోగి నిర్ణయం కాదు కాబట్టి, ఆ మనిషితో వాదించడం నాకు ఎంతమాత్రం సమంజసంగా తోచదు.

స్టాండ్‌బై జాబితాలో ఎవరు ముందు అన్న వరుస సంస్థను బట్టి మారుతుంది. డబ్బు కట్టిన ప్రయాణికులు సాధారణంగా ముందుంటారు. సిబ్బందిలో కొన్నిచోట్ల ఉద్యోగంలో చేరిన తేదీ, మరికొన్నిచోట్ల చెకిన్ చేసిన సమయం లెక్కలోకి వస్తాయి. ఇతర సంస్థల సిబ్బంది వారి వెనుక ఉంటారు. ఒక విమానంలో చోటు దొరకనివారు తర్వాతి విమానం జాబితాలోకి చేరతారు కనుక, రోజు గడిచేకొద్దీ పోటీ పెరుగుతూ పోతుంది. తుఫాను వల్ల ఒక్క విమానం రద్దయిందంటే, దానిలోని ప్రయాణికులే మిగతా ఖాళీలన్నిటినీ నింపేస్తారు. తెల్లవారుజామున లేవడం కష్టమే అయినా, తొలి విమానాన్ని ఎంచుకోమని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

చేతి సంచితోనే బయలుదేరడం మేలు. ఇద్దరు కలిసి వెళ్తున్నప్పుడు మిగిలింది ఒకే సీటైతే ఎవరు ఎక్కాలో, లేక ఇద్దరూ ఆగిపోవాలో ఇంటి దగ్గరే తేల్చుకుని, విడిగా వెళ్లడానికి సిద్ధమో కాదో చెకిన్ సమయంలోనే చెప్పాలి. గేటు దగ్గర పేరు పిలిచాక మీరు చర్చించుకునేంత సేపు ఎవరూ ఆగరు, ఆ సీటు జాబితాలో తర్వాతివారికి వెళ్లిపోతుంది.