బరకాల లెక్క నుంచి మడ మొక్కల లెక్కకి

ఈమధ్య ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న, రిలీఫ్ పని మానేసి చెట్లు లెక్కపెట్టుకోవడం ఏంట్రా అని. మా పెద్దమ్మైతే మొహం మీదే అనేసింది, “నలుగురికి అన్నం పెట్టే ఉద్యోగం వదిలేసి బురదలో దిగావా” అని. నిజమే, బురదే. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవిలో, అంటే తీరంలో ఉప్పునీళ్ళ బురదలో పెరిగే అడవిలో, సముద్రం పాటు మీదున్నప్పుడు (నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు) కాలు పెడితే మోకాలి దాకా దిగిపోతుంది, ఒక చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, మేం తర్వాత రెండు రోజులకి ఉద్దానం వెళ్ళాం. కొబ్బరి, జీడిమామిడి తోటలు ఎలా పడిపోయాయో చూసినవాళ్ళకే తెలుసు. లారీ నిండా బరకాలు (టార్పాలిన్లు), బియ్యం, వాటర్ ప్యాకెట్లు. వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊళ్ళో నేను లిస్టు పట్టుకుని పేరు పిలుస్తుంటే ఒక పెద్దాయన బరకం తీసుకోలేదు, “ఇది వద్దు బాబూ, రంపం ఉంతే పట్రా, సెట్లు ఇంటిమీదే ఉన్నాయి” అన్నాడు. మా లిస్టులో రంపం లేదు. ఎక్కడో ఏసీ రూములో తయారైన లిస్టు మరి. ఆయన పేరు పక్కన “తీసుకోలేదు” అని రాసి తర్వాతి పేరు పిలిచాను, అది మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ తర్వాత ఎప్పుడో ఒక పేపర్ చదివాను, సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ 2009లో రాసింది. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్‌లో సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న ఊళ్ళలో చావులు తక్కువ అని లెక్కలేసి చూపించారు. మడ అడవి కంటే ముందస్తు హెచ్చరికే ఎక్కువ ప్రాణాలు కాపాడిందని కూడా అదే పేపర్లో రాశారు, దాచలేదు. నాకు అది తెగ నచ్చింది. మా డోనర్ రిపోర్టుల్లో అలాంటి వాక్యం ఒక్కటి రాయనిచ్చేవాళ్ళు కాదు, అన్నీ సక్సెస్ స్టోరీలే.

అలా ముప్ఫై దాటాక మళ్ళీ స్టూడెంట్‌ని అయ్యాను, మడ అడవుల మీద రీసెర్చ్‌కి. మొదటి ఏడాది నరకం, స్టాటిస్టిక్స్ క్లాసులో నాకంటే పదేళ్ళు చిన్నవాళ్ళు చకచకా చేసేస్తుంటే నేను గూగుల్ చేసుకుంటూ కూర్చునేవాణ్ణి, స్టైపెండ్ అయితే ఎప్పుడొస్తుందో దానికే తెలీదు.

పని మాత్రం పట్టేసింది. మడ చెట్లు కొట్టేసిన చోట నేల కుంగి పళ్ళెంలా అవుతుందండీ, పోటుకి వచ్చిన నీళ్ళు వెనక్కి పోలేక అక్కడే నిలిచిపోయి ఎండకి ఆవిరవుతాయి, ఉప్పు మిగిలిపోతుంది, ఇక అక్కడ ఎన్ని మొక్కలు నాటినా చచ్చిపోతాయి. అందుకే ముందు చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వుతారు, మధ్యలో ఒక పెద్దది, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్నవి. పోటూ పాటూ ఆడితే ఉప్పు తగ్గుతుంది, అప్పుడు మొక్క బతుకుతుంది. నా పనల్లా నెలనెలా వెళ్ళి ఉప్పు శాతం చూడ్డం, బతికిన మొక్కల్ని లెక్కపెట్టడం. లిస్టు మాత్రం వదల్లేదన్నమాట నన్ను!

మాతో వచ్చే పడవాయనకి ఉప్పు తెలియడానికి మీటర్ అక్కర్లేదు, నీళ్ళు నాలిక మీద వేసుకుని “ఎక్కువుందండి ఆయ్” అంటాడు, చాలాసార్లు కరెక్టే.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పాత టీమ్ నుంచి ఫోన్, ప్యాకింగ్‌కి మనుషులు తక్కువయ్యారు వస్తావా అని. వెళ్ళిపోయాను, గైడ్‌కి చెప్పకుండానే. ఈసారి లారీలో నాలుగు రంపాలు నా డబ్బుతోనే పెట్టించా. తిరిగొచ్చాక డిసెంబర్ కాలమ్ ఖాళీగా ఉందేంటని గైడ్ గట్టిగానే అడిగారు. కారణం రాసే గడిలో “తుఫాను” అని రాసిచ్చాను.