గట్టు సరిచేశాకే గౌరీపట్నం నడక

ఈస్టరుకు ముందుండే తపస్సు కాలం వచ్చిందంటే గోదావరి డెల్టా ఊళ్ల నుంచి గౌరీపట్నంలోని నిర్మలగిరికి నడక మొదలవుతుంది. నరసాపురం, పాలకొల్లు, పెనుగొండ, తణుకు వైపు నుంచి వచ్చే గుంపులు నిడదవోలు మీదుగా దేవరపల్లి మండలంలోని గౌరీపట్నం చేరతాయి. ఏలూరు మేత్రాసనంలో (బిషప్పు పరిధిలో) ఉన్న ఈ మరియమాత క్షేత్రానికి, యేసు పుట్టబోతున్నాడని దేవదూత మరియమ్మకు చెప్పిన మంగళవార్త పండుగ రోజుల్లో జనం పోటెత్తుతారు. మేమూ ఆ దారినే నడుస్తాం. కానీ చాలా గుంపులు చివర పెట్టుకునే పనిని మేము మొదట పెట్టుకుంటాం. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ పని పాపసంకీర్తనం, అంటే గురువు (ఫాదరు) దగ్గర పాపాలు ఒప్పుకోవడం. కొండ దగ్గరికి చేరాక చూసుకుందాంలే అనుకుంటే ఏమవుతుందో ఏటా కనిపిస్తూనే ఉంటుంది. పండుగ రోజు గురువుల ముందు వరసలు చాంతాడంత. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు దొరికితే గొప్ప. అరికాళ్లు బొబ్బలెక్కి, రెండు రాత్రులు నిద్రలేని మనిషికి ఆ నిమిషంలో గుర్తొచ్చేది నొప్పే గానీ పాపం కాదు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి: తీర్చాల్సిన బాకీ, అడగాల్సిన క్షమాపణ వెనక ఊళ్లోనే ఉండిపోతాయి. బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతుండగా నీ సోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు చెప్పింది మత్తయి 5:23-24లో ఉంది. నడక కూడా కానుకే. దానికీ ఆ వరసే వర్తిస్తుంది.

అందుకే మా యాత్ర తపస్సు కాలపు మొదటి రోజైన విభూది బుధవారం నాడు మొదలవుతుంది. ఆ బుధవారం ఫిబ్రవరి 4కు ముందు రాదు, మార్చి 10 దాటదు. మంగళవార్త పండుగ మార్చి 25న. అంటే ఎంత ఆలస్యమైనా పదిహేను రోజులు చేతిలో ఉంటాయి. (మార్చి 25 పవిత్ర వారంలో గానీ ఈస్టరు వారంలో గానీ పడితే పండుగను ఈస్టరు అష్టకం (ఈస్టరు నుంచి ఎనిమిది రోజులు) దాటాక వచ్చే సోమవారానికి మారుస్తారు. కాబట్టి నడక తేదీ విచారణ గురువును (మన గుడి ఫాదరును) అడిగాకే ఖాయం చేసుకోవాలి.) నుదుట విభూది పెట్టించుకుని ఇంటికొచ్చిన సాయంత్రం ఒక కాగితం తీసి, పది ఆజ్ఞల వరసలో, ఎవరికి ఏం చేశానో రాసుకోవడం మొదటి పని. కాగితం ఎవరికీ చూపించనక్కర్లేదు, పాపసంకీర్తనం అయ్యాక చించేయాలి. "కోపం, అసూయ, అబద్ధం" అని రాసుకుంటే లాభం లేదు. అవి అందరి కాగితాల్లోనూ ఉంటాయి. ఎవరి మీద, ఏ విషయంలో, సుమారు ఎన్నిసార్లు అన్నది రాస్తేనే మనిషి కదులుతాడు.

మన డెల్టాలో ఏడో ఆజ్ఞ, అంటే దొంగిలించవద్దన్నది, ఎక్కువగా గట్టు మీద, బోదె (చేలకు నీళ్లు పారే చిన్న కాలువ) దగ్గర, కాటా దగ్గర తప్పుతాం. చేను దున్నేటప్పుడు ట్రాక్టరు చక్రం పక్కవాళ్ల గట్టును కాస్త కొరికి వదులుతుంది. ఏటా కాస్త, పదేళ్లకు అడుగు. అడుగే కదా అనిపిస్తుంది. లెక్క కట్టి చూడండి. 200 అడుగుల పొడవు గట్టు ఒక అడుగు జరిగితే 200 చదరపు అడుగులు. సెంటుకు 435.6 చదరపు అడుగులు కనుక అర సెంటుకు కొంచెం తక్కువ. ఎకరానికి 35 బస్తాలు, బస్తాకు 75 కిలోల లెక్కన ఆ కాస్త నేల పంటకు 12 కిలోల ధాన్యం ఇస్తుంది. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) కలిపి ఏడాదికి 24 కిలోలు. అడుగు మొత్తం పోయాక పదేళ్లు గడిస్తే 240 కిలోలు, అంటే మూడు బస్తాల పైన 15 కిలోలు. తీసుకున్నదానికి ఐదో వంతు కలిపి ఇవ్వమంటుంది లేవీయకాండం ఆరో అధ్యాయం. ఆ ప్రకారం 288 కిలోలు. అన్యాయంగా వసూలు చేసిన సుంకరి జక్కయ నాలుగింతలు ఇస్తానన్నాడు (లూకా 19:8), ఆయన లెక్కలో 960. శ్రీసభ (కతోలిక సంఘం) ఇంత కలిపి ఇవ్వాలని మనమీద పెట్టలేదు. తీసుకున్నంతా తిరిగి ఇవ్వడం మాత్రం తప్పనిసరి. ధాన్యం ఇచ్చి గట్టు ఉన్నచోటే ఉంచితే వచ్చే సార్వా నుంచి మళ్లీ అదే పాపం నడుస్తుంది. గట్టు వెనక్కి వెళ్లాలి.

నీళ్ల సంగతి ఇంకా సున్నితం. దాళ్వాలో నీరు తగ్గినప్పుడు కాలువలకు వంతులు పెడతారు. శివారు రైతు తన వంతు కోసం రాత్రంతా కాపలా కాస్తుంటే ఎగువన ఎవరో బోదెకు గండి కొట్టుకుంటారు. పొట్ట మీదున్న (వెన్ను ఇంకా బయటికి రాని) చేనుకు అప్పుడు నీళ్లందకపోతే గింజ తాలైపోతుంది. ఆ నష్టం నీటి ఖరీదుతో తీరదు, పోయిన గింజ ఖరీదు కట్టాలి. రొయ్యల చెరువుల వైపు వస్తే ఉప్పునీటి ఊట పక్క వరిచేలోకి దిగుతుంది. చెరువు గట్టు వెంబడి ఊటబోదె తవ్వి ఆ నీటిని మురుగు కాలువకు మళ్లించకుండా, డబ్బిచ్చి చేతులు దులుపుకుంటే పశ్చాత్తాపం సగంలో ఆగినట్టే. ఆ చేను మళ్లీ వరికి రావాలంటే మంచినీళ్లు పెట్టి, నిలవగట్టి, తీసేయడం పదేపదే చేయాలి. ఆ నీళ్ల ఖర్చు, కూలి ఖర్చు చెరువువాళ్లదే. కౌలుదారు దగ్గర ఎక్కువ గుంజిన మక్తా (కౌలు), చెల్లెలి చేత సంతకం పెట్టించుకున్న వాటా, కాటాలో తేడా, ఇవన్నీ ఈ కోవలోవే. మన క్రైస్తవ కుటుంబాల్లో వీలునామా లేకపోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద కొడుకుతో పాటు కూతురికీ సమాన వాటా. ఆమె మొహమాటపడి వదిలేసిందన్నది అన్నకు సాకు కాకూడదు.

కాగితం రాశాక వాళ్లింటికి వెళ్లాలి. ఇక్కడే ఎక్కువ చెడుతుంది. పదిమందిని, పెద్దమనుషుల్ని వెంటేసుకుని వెళ్తే అవతలివాళ్లు క్షమించక తప్పని ఇరకాటంలో పడతారు. ఒక్కరే వెళ్లాలి, పగటిపూట వెళ్లాలి, తాగి వెళ్లకూడదు. చెప్పేది మూడే ముక్కలు: చేసింది ఏమిటి, ఇచ్చేది ఎంత, ఎప్పటిలోగా. "బాబాయ్, మీ గట్టు అడుగు జరిపింది నేనేనండి. ఆదివారం దాటాక మనిషిని పెట్టి పాత చోటుకు తెస్తాను. మీరూ దగ్గరుండి చూసుకోండి. ధాన్యం లెక్క ఇదండి." ఇంతే. "మీరు కూడా అప్పట్లో..." అన్న మాట నోట్లోంచి వచ్చిందా, అంతా నీళ్లపాలు. క్షమించానని అనిపించుకునేదాకా గుమ్మంలో నిలబడకూడదు. అది వాళ్ల ఇష్టం, వాళ్ల సమయం. మన వంతు తీర్చడం వరకే.

అన్నిసార్లూ ఎదురుగా వెళ్లి చెప్పడం కుదరదు. చెబితే కొంప మునిగే సందర్భాలు, కొట్లాటకు దిగే మనుషులు ఉంటారు. పేరు బయటపెట్టకుండా తిరిగి ఇవ్వడానికి శ్రీసభ ఒప్పుకుంటుంది, గురువు చేతుల మీదుగానైనా పంపవచ్చు. బాధితుడు చనిపోతే వారసులకు, వారసులూ దొరక్కపోతే పేదలకు. తానే అప్పుల్లో ఉన్నవాడు వాయిదాల మీద తీర్చవచ్చు. కానీ మొదటి వాయిదా నడకకు ముందే వెళ్లాలన్నది మా గుంపులో పట్టింపు.

ఆ తర్వాత, బయలుదేరడానికి రెండు మూడు రోజుల ముందు, విచారణ గుడిలోనే పాపసంకీర్తనం. పెద్ద విషయం ఉంటే గురువును ముందుగా వేరే సమయం అడగాలి. క్రమం అందరికీ తెలిసిందే: కిందటిసారి చేసి ఎంత కాలమైంది, పాపాలు ఏమిటి, గురువు మాట, ప్రాయశ్చిత్తం, మనస్తాప జపం, పాపవిమోచనం. చావైన పాపాలకు, అంటే తెలిసి, ఇష్టపడి చేసిన ఘోరమైన వాటికి, రకం, సంఖ్య రెండూ చెప్పాలి. కథ చెప్పనక్కర్లేదు. ఎక్కువమంది చేసే పొరపాటు ఎదుటివాళ్ల పాపాలు చెప్పడం. అత్తగారి నోరు, మొగుడి తాగుడు, తమ్ముడి మోసం అన్నీ వస్తాయి, తన పాపం మాత్రం రాదు. మర్చిపోయిన పాపం మిగతా వాటితో పాటే క్షమాపణ పొందుతుంది, గుర్తొచ్చినప్పుడు తర్వాతిసారి చెబితే సరిపోతుంది. సిగ్గుపడి కావాలని దాచితే మాత్రం ఆ పాపసంకీర్తనం చెల్లదు. గురువు విన్నది ఎవరికీ, ఏ పరిస్థితిలోనూ చెప్పడానికి వీల్లేదు కనుక దాచాల్సిన అవసరమూ లేదు. గురువు ఇచ్చిన ప్రాయశ్చిత్తాన్ని ఆ రోజే పూర్తిచేయడం మేలు. పాపవిమోచనం పాపాన్ని తీసేస్తుంది. గట్టును మాత్రం జరపదు. అది ఇంకా మన పనే.

ఇన్ని లెక్కలు చెప్పాను గనుక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇచ్చేసినంత మాత్రాన అయిపోదు. ప్రభువును పట్టించిన యూదా ఇస్కారియోతు అందుకు తీసుకున్న ముప్పై వెండి నాణేలూ తిరిగి ఇచ్చాడు, నేను పాపం చేశానని నోటితో ఒప్పుకున్నాడు కూడా (మత్తయి 27:3-4). ప్రభువును ఎరగనన్న పేతురు ఏమీ తిరిగి ఇవ్వలేదు, ఇవ్వడానికి ఏమీ లేదు. వెక్కి వెక్కి ఏడ్చాడు, మళ్లీ ప్రభువు దగ్గరికే వచ్చాడు. యూదా ప్రధానార్చకుల దగ్గరికి వెళ్లి, అక్కణ్నుంచి ఒంటరిగా పోయాడు. తప్పు తెలిసిన బాధ ఇద్దరిదీ ఒకటే. ఆ బాధతో ఎవరి దగ్గరికి వెళ్లాలన్నదే తేడా. బాకీలు తీర్చిన మనిషికి నడక ఎందుకంటే నా జవాబు ఇదే: ప్రభువు దగ్గరికి వెళ్లడానికి.

ఇక దారి. రోజుకు 20 కిలోమీటర్లకు మించి పెట్టుకోవద్దు, పెద్దవాళ్లుంటే 15. తెల్లవారుజామున నాలుగింటికి లేచి నడిచి, తొమ్మిదిన్నరకు నీడ పట్టాలి. మళ్లీ నాలుగున్నరకు. మార్చి ఎండలో తారు రోడ్డు మీద నీళ్లొక్కటే తాగుతుంటే ఉప్పు తగ్గి కళ్లు తిరుగుతాయి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీటికి ఒకటి, తక్కువ నీళ్లలో చిక్కగా కలపకూడదు. చెమటకు తడిసిన మేజోళ్లే బొబ్బలకు మూలం, రెండు గంటలకోసారి మార్చాలి. బొబ్బను చిదమకూడదు. రోడ్డుకు కుడివైపున, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా వరసగా నడవాలి. చీకట్లో ముందొకరు, వెనకొకరు మెరిసే జాకెట్టుతో, టార్చితో. షుగరు ఉన్నవాళ్లు మాత్రలు వేసుకుని తిండి మానకూడదు. ఉపవాసపు కట్టడి విభూది బుధవారానికి, శుభ శుక్రవారానికే, అదీ 18 నుంచి 59 ఏళ్ల మధ్యవాళ్లకు, ఒంట్లో బాగోనివాళ్లకు లేదు. శుక్రవారాల్లో మాంసం ముట్టకపోతే చాలు. చెప్పుల్లేకుండా వస్తానని మొక్కుకుని అరికాలు పగిలితే, తగిన కారణం ఉంటే ఆ మొక్కు నుంచి విడుదల చేసే అధికారం విచారణ గురువుకు ఉంది. అడగడానికి నామోషీ పడొద్దు.

మాతో ప్రొటెస్టెంటులైన లూథరన్లు, బ్రదరెన్ సంఘంవాళ్లు కూడా నడుస్తుంటారు. 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల మొదలుపెట్టిన పని వల్ల బ్రదరెన్ కుటుంబాలు ఇటు ఎక్కువ. ధవళేశ్వరం ఆనకట్ట (1847-52) కంటే ముందు వచ్చిన సంఘం అది. వాళ్లు గురువు దగ్గర చెప్పుకోరు. ఆదివారం రొట్టె విరిచే ముందు తమ్ముతాము పరీక్షించుకుంటారు, 1 కొరింథీ 11:28 ప్రకారం. లూథరన్ ఆరాధనలో అందరూ కలిసి చేసే ఒప్పుకోలు ఉంటుంది. తేడాలున్నాయి, చిన్నవి కావు. కానీ కాగితం రాయడం, గుమ్మం తొక్కడం దగ్గర మా మధ్య వాదన ఎప్పుడూ రాలేదు.

ప్రతి ఉదయం మొదటి గంట మౌనంగా నడుస్తాం. మైకు బండి మాకు లేదు, వద్దనే అనుకున్నాం. కాలువ గట్టు పక్కన దాళ్వా చేలు పాలుపోసుకుంటుంటాయి. ఆ గట్లు, తూములు, బోదెలు చూస్తూ నడుస్తుంటే కాగితంలో రాయనివి కొన్ని గుర్తొస్తాయి. అవి తిరిగి వెళ్లాక చేయాల్సినవి. వెలుతురు వచ్చాక జపమాల, ఐదు గుర్తులకు (జపమాలలోని ఐదు భాగాలకు) పాతిక నిమిషాలు. నిడదవోలు దాటాక కాలువలు పలచబడి మెట్ట మొదలవుతుంది. నీడ తక్కువ, ఎత్తుపల్లాలెక్కువ. ఆ చివరి విడతను ఎండలో పెట్టుకోకూడదు.

కొండ దగ్గర సిలువమార్గం (ప్రభువు సిలువ మోసిన దారిని తలచుకునే జపం) పద్నాలుగు స్థలాలూ తొందరపడకుండా చేస్తాం. మూడు, ఏడు, తొమ్మిది స్థలాల్లో ప్రభువు సిలువ కింద పడతాడు. చెప్పిన పాపమే మళ్లీ మళ్లీ చెప్పుకోవాల్సి వచ్చేవాళ్లు, తాగుడు మాననివాళ్లు ముఖ్యంగా, ఆ మూడు చోట్లా ఎక్కువసేపు మోకరించాలని నా కోరిక. మళ్లీ పడ్డాను కదా, ఇంక గురువు ముఖం ఎలా చూడనని గుడికి రావడమే మానేసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. లేచిన ప్రతిసారీ చెప్పుకోవచ్చు. దానికి గరిష్ఠ సంఖ్య శ్రీసభ పెట్టలేదు.

తిరుగు ప్రయాణం బస్సులో. ఆ వారంలోనే, మౌనపు గంటల్లో గుర్తొచ్చినవాటితో ఇంకో చిన్న కాగితం. దాళ్వా కోతలు ఏప్రిల్లో అవుతాయి, ధాన్యం డబ్బు ఖాతాలో పడేసరికి ఇంకొన్ని రోజులు. రెండో వాయిదా అప్పుడు.