అద్దం ముందు కమ్మలు

మాది ఉదయగిరి పక్కన మెట్ట ఊరు. వానలు ఎగ్గొట్టిన ఏడాది వీధిలో వరసగా తాళాలు పడేవి, కొందరు బెంగళూరు, కొందరు మద్రాసు, మేస్త్రీ ఎక్కడికి అంటే అక్కడికి. అందుకే అమెరికన్ రచయిత జాన్ స్టైన్‌బెక్ 1939లో అచ్చువేసిన 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' నవల చదువుతుంటే అందులోని ఓక్లహామా నాకు పరాయి చోటనిపించలేదు. అక్కడా కరువే, దుమ్ము తుఫాన్లు, అప్పుకింద పోయిన పొలాలు. జోడ్ కుటుంబం పాత ట్రక్కులో సామానేసుకుని కాలిఫోర్నియా బయల్దేరుతుంది. పండ్లు కోయడానికి మనుషులు కావాలని కరపత్రాలు పంచుతారు, తీరా వెళ్తే పనికంటే మనుషులే ఎక్కువ, కూలి రోజురోజుకీ తగ్గిపోతుంది.

ఆయన ఇదంతా ఇంట్లో కూర్చుని ఊహించలేదు. పుట్టింది కాలిఫోర్నియాలోనే, సలీనాస్‌లో, 1902లో. 1936లో వలస కూలీల క్యాంపులు తిరిగి పత్రికకు వ్యాసాలు రాశాడు, ఆ తర్వాతే ఈ నవల.

జాన్ ఫోర్డ్ 1940లో దాన్ని సినిమా తీశాడు. అందులో ఒక సీను దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. తెల్లారితే ప్రయాణం. తల్లి పాత ఉత్తరాలు ఒక్కొక్కటీ పొయ్యిలో వేస్తూ, పెట్టెలో దొరికిన కమ్మలు చెవుల దగ్గర పెట్టుకుని అద్దంలో చూసుకుంటుంది. ఒక్క మాట ఉండదు. ఆ పాత్ర వేసిన జేన్ డార్వెల్‌కు ఆస్కార్ వచ్చింది, ఈ ఒక్క సీనుకే ఇచ్చినా తప్పులేదు.

కానీ ముగింపు విషయంలో మాత్రం నా మనసు పుస్తకం వైపే. నవల్లో శుభ్రమైన ప్రభుత్వ క్యాంపు మధ్యలో వస్తుంది, అక్కడ పని దొరక్క మళ్ళీ రోడ్డెక్కుతారు, చివరికి వరద, ఆ ఇంటి కూతురికి చచ్చి పుట్టిన బిడ్డ, ఆకలితో పోతున్న ముక్కూమొహం తెలియని మనిషికి ఆ బాలింత పాలివ్వడం. సినిమాలో ఆ క్యాంపును చివరికి జరిపి, తల్లి చేత ధైర్యంగా నాలుగు మాటలు చెప్పించి ముగించారు. అప్పట్లో ఆ బాలింతను తెరమీద చూపించే వీల్లేదు, అది అర్థమవుతుంది. అయినా మా వైపు వలసపోయిన వాళ్ళకు మంచి చోటు దొరికినా అది మధ్యలోనే దొరికింది, చివర్లో కాదు.

స్టైన్‌బెక్ ఇంకో నవల 'ఈస్ట్ ఆఫ్ ఈడెన్' కూడా 1955లో సినిమాగా వచ్చింది, జేమ్స్ డీన్ చాలా బాగా చేశాడు. 1962లో స్టైన్‌బెక్‌కు నోబెల్ ఇచ్చారు. నేను మాత్రం ఆ కమ్మల దగ్గరికే తిరిగొస్తాను. మేం బెంగళూరు వెళ్ళే ముందురోజు రాత్రి మా అవ్వ ట్రంకుపెట్టె తీసి, తన పెళ్ళి చీర మడత విప్పి ఒళ్ళో పరుచుకుని, చాలాసేపు అలాగే కూర్చుంది.