ఎర్ర నక్షత్రం, ఎర్ర పురుగు

పదో తరగతి ఫిజిక్స్‌లో నాకు బాగా నచ్చిన పాఠం కన్ను. అందులో ఒక లెక్క కోసం నోట్స్‌లో రెండు పేజీలు పెట్టాను. కంటి కటకానికీ (లెన్స్), వెనక బొమ్మ పడే తెర అయిన రెటీనాకీ మధ్య దూరం సుమారు 2.5 సెం.మీ. అది మారదు. మరి దూరాన కొండ, చేతిలో పుస్తకం రెండూ స్పష్టంగా ఎలా కనిపిస్తున్నాయి? కటకం తన నాభ్యంతరాన్నే, అంటే దూరం నుంచి వచ్చే కాంతిని ఎంత దూరంలో ఒకచోట చేరుస్తుందో దాన్నే, మార్చుకుంటుంది. కొండకి 2.5 సెం.మీ. పుస్తకం 25 సెం.మీ. దూరంలో ఉంటే 1/f = 1/2.5 + 1/25 = 11/25 (f అంటే నాభ్యంతరం), కాబట్టి 25ని 11తో భాగించాలి, అంటే 2.27 సెం.మీ. తేడా పావు సెంటీమీటరు కూడా లేదు! సూత్రం బట్టీ పట్టేముందు ఈ లెక్క ఒకసారి మీ చేత్తో చేయండి, టెన్షన్ సగం తగ్గుతుంది.

నక్షత్రాలు మిణుకుమనడం కూడా ఈ పాఠంలోదే. గాలి పొరల్లో వక్రీభవనం (కాంతి వంగడం) వల్ల అలా కనిపిస్తాయి.

అది చదివాకే డాబా మీద పడుకోవడం అలవాటైంది. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తాతయ్యకి ఒరియన్ నక్షత్ర మండలంలోని ఎర్రటి నక్షత్రం బెటెల్‌గ్యూస్‌ని చూపించాను.

"అది ఆరుద్ర కదరా" అన్నారు.

ఆరుద్ర కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గరకొచ్చే రోజులట, జూన్ చివర్లో. తొలకరికి మట్టిలోంచి వచ్చే మఖమల్‌లాంటి ఎర్ర పురుగుని చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకునేవాణ్ణి. దాని పేరూ ఆరుద్రే. ఈసారి వానలకి దాని కాళ్ళు లెక్కపెట్టి బొమ్మ గీయాలి. ఎనిమిది ఉండాలి, ఎందుకంటే అది నిజానికి సాలీడుకి చుట్టం.