ఉన్ని షెడ్డులో చీపురు పట్టిన రోజు

న్యూజిలాండ్‌లో క్రిస్మస్ ఎండాకాలంలో వస్తుంది. డిసెంబర్ సగం దాటేసరికి సిటీల్లో వాళ్ళంతా సెలవు మూడ్‌లోకి వెళ్ళిపోయి టెంట్లూ పడవలూ సర్దుకుంటూ ఉంటారు. గొర్రెల రైతులకి మాత్రం ఊపిరి సలపని రోజులివి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో పుట్టిన పిల్లలకి మూడు నెలలు నిండుతాయి, తల్లుల నుంచి విడదీయాలి. బరువు వచ్చిన వాటిని మాంసం ఫ్యాక్టరీలు పండక్కి మూతపడే లోపే లారీ ఎక్కించాలి. ఎండలు ముదిరితే ఈగలు గొర్రె తోక చుట్టూ తడిసిన ఉన్నిలో గుడ్లు పెడతాయి. ఆ పురుగులు బతికున్న గొర్రెనే తొలిచేస్తాయి. అందుకని ఆలోగా తల్లి గొర్రెల ఉన్ని కూడా తీసెయ్యాలి. ఇన్ని పనులూ ఒకేసారి మీద పడతాయి.

నేను క్రైస్ట్‌చర్చ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. సెలవులకి కారులో టెకపో చెరువు వైపు వెళ్తున్నానని చెబితే మా ఆఫీసులో ఒకామె, "ఫెయిర్లీ దగ్గర మా అత్తగారి ఫామ్ దారిలోనే. ఆ రోజు షియరింగ్ ఉంది, గొర్రెల ఉన్ని కోత. తిండీ పడకా వాళ్ళే చూసుకుంటారు. చీపురు పట్టగలవా మరి?" అంది. పట్టగలనన్నాను. మాది పాలమూరు జిల్లాలో కురుమల ఇల్లు. తాత జీవితమంతా మంద వెంటే నడిచాడు, నాన్న దగ్గర ఇప్పటికీ కొన్ని గొర్రెలున్నాయి. నేను కంప్యూటర్ ముందు కూర్చునే బాపతు అనుకోండి, అయినా రక్తం ఎక్కడికి పోతుంది అనుకున్నాను.

ఇలాంటి అవకాశం కోసం చూసేవాళ్ళకి ముందే ఒక మాట. డబ్బు తీసుకోకుండా తిండికీ బసకీ పనిచేసినా ఈ దేశం దాన్ని పని కిందే లెక్కేస్తుంది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు ఫామ్‌లో చెయ్యి వెయ్యడం కుదరదు. నాకు రెసిడెంట్ వీసా ఉంది కాబట్టి ఇబ్బంది లేకపోయింది. అమ్మానాన్నల్ని చూడ్డానికి పిలిపించుకున్నవాళ్ళు సరదాకి కూడా వాళ్ళని ఇలాంటి వాటికి పంపకండి.

ముందురోజు సాయంత్రమే చేరుకున్నాను. గొర్రెల్ని రాత్రికే షెడ్డు కిందికి తోలెయ్యాలి. మంచు పడి ఉన్ని తడిస్తే పొద్దున పని ఆగిపోతుంది, తడి ఉన్నిని బేల్‌లో, అంటే మూటలో, కుక్కితే కుళ్ళిపోతుంది. ఇంకో కారణం, కడుపు ఖాళీగా ఉండాలి. కడుపు నిండా మేసిన గొర్రెని వెనక్కి వాల్చి కూర్చోబెడితే దానికీ బాధే, పట్టుకున్నవాడికీ బాధే. తోలే పనంతా రెండు కుక్కలదే. హెడింగ్ డాగ్ అనే నల్లదీ తెల్లదీ కలిసిన సన్నటి కుక్క చప్పుడు చెయ్యదు. ఎదురుగా వెళ్ళి, పొట్ట నేలకి ఆనించి, కళ్ళలోకి చూస్తుంది. అంతే, మంద ఆగిపోతుంది. హంటవే అనేది పెద్ద గొంతు. వెనకాల అటూ ఇటూ తిరుగుతూ మొరుగుతూనే ఉంటుంది, మంద ముందుకు కదులుతుంది. ఫామ్ యజమాని పెద్దాయన క్వాడ్ బైక్ మీద కూర్చుని ఈలలు వేశాడు, ఏ కుక్కకి ఏ ఈలో వాటికే తెలుసు. టెకపో చెరువు ఒడ్డున 1968లో నిలబెట్టిన కంచు కుక్క విగ్రహం ఉంది. టూరిస్టులు దాని పక్కన సెల్ఫీలు తీసుకుంటారు, ఇదివరకు నేనూ తీసుకున్నాను. కుక్కకి విగ్రహం ఎందుకో ఆ సాయంత్రం గాని అర్థం కాలేదు.

ఏడున్నరకి పని మొదలు. ఏడున్నర అంటే ఏడున్నరే, షెడ్డు గోడ మీద గడియారం ముల్లు అక్కడికి రాగానే మోటార్లు ఆన్ అయ్యాయి. రోజుని రెండేసి గంటల చొప్పున నాలుగు ముక్కలు చేస్తారు, ఒక్కో ముక్కని రన్ అంటారు. తొమ్మిదిన్నరకి అరగంట టీ, దాన్ని స్మోకో అంటారు. పది నుంచి పన్నెండు. గంట భోజనం. ఒంటి గంట నుంచి మూడు, మళ్ళీ స్మోకో, మూడున్నర నుంచి అయిదున్నర. కోసేవాళ్ళకి గొర్రె లెక్కన డబ్బు. అందువల్ల షెడ్డులో మిగతా అందరి పనీ ఒక్కటే: షియరర్‌కి అర నిమిషం కూడా వృథా కాకుండా చూడ్డం. వచ్చిన ముఠాలో ముగ్గురు షియరర్లు, ఉన్ని ఎత్తే ఇద్దరు ఆడవాళ్ళు, బేళ్ళు కట్టే ఒకతను. ఉన్ని ఎత్తేవాళ్ళని రౌసీలు అంటారు. వాళ్ళలో పెద్దావిడ మావోరి, అంటే ఈ దేశపు మూలవాసి, చిన్నప్పటి నుంచీ షెడ్లలోనే పెరిగిందట. నన్ను పైనుంచి కిందికి చూసి, నా తెల్ల స్పోర్ట్స్ బూట్ల దగ్గర కాసేపు ఆగి, చేతిలో చీపురు పెట్టింది.

"చెప్పిందే చెయ్యి. చెప్పకపోతే ఊడ్చు. షియరర్‌కీ గొర్రె దొడ్డి తలుపుకీ మధ్య మాత్రం నిలబడకు."

రోజంతటికీ నాకు అందిన ట్రైనింగ్ ఇంతే. సరిపోయింది కూడా.

షియరర్ పని కాసేపైనా కళ్ళప్పగించి చూడాల్సిందే. తలుపు తోసుకుని లోపలికెళ్ళి, గొర్రె గడ్డం కింద చెయ్యి వేసి, దాని తల పక్కకి తిప్పి, వెనక్కి లాక్కొచ్చి, రెండు మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుంటాడు. తాళ్ళు లేవు, కట్టెయ్యడం లేదు. కాళ్ళు నేలకి ఆనకపోయేసరికి గొర్రె పెనుగులాట మానేస్తుంది. ముందు పొట్ట మీది ఉన్ని విడిగా తీసి పక్కకి విసురుతాడు. తర్వాత తొడల లోపలి భాగం, ఎడమ వెనక కాలు, మెడ, ఎడమ భుజం. ఆ తర్వాత గొర్రెని దాదాపు పడుకోబెట్టి, తోక నుంచి తల దాకా వెన్ను పొడుగునా హ్యాండ్‌పీస్‌ని, అంటే చేతిలోని కోత మిషన్‌ని, ఒకే ఊపులో పోనిస్తాడు. ఇక కుడి వైపు. కోసేది కుడి చెయ్యే అయినా నేను చూసింది ఎడమ చెయ్యిని. ముడతలు లేకుండా తోలుని ముందుగా సాగదీసేది అదే, అది కాస్త ఆలస్యమైతే గొర్రెకి గాయం. ఈ పద్ధతికి 1950లలో ఒక రూపం ఇచ్చి ఊరూరా నేర్పినవాళ్ళు గాడ్‌ఫ్రీ, ఇవాన్ బోవెన్ అనే అన్నదమ్ములు. మాస్టర్టన్‌లో 1961 నుంచి గోల్డెన్ షియర్స్ అని పోటీలు జరుగుతున్నాయి. అందులో పెద్ద టైటిల్‌ని 16 సార్లు గెలిచిన డేవిడ్ ఫేగన్‌కి సర్ బిరుదు కూడా ఇచ్చారు. గొర్రె ఉన్ని కోసినవాడికి సర్! నాకు భలే నచ్చింది.

మా షెడ్డులో ఒక్కో గొర్రెకి రెండు నిమిషాలు పట్టలేదు. చివరి గీత పూర్తవగానే గొర్రెని కాళ్ళ మధ్య నుంచే వెనక ఉన్న కంతలోకి జారవిడుస్తాడు, అది బయట దొడ్డిలోకి పడి, తెల్లగా, సన్నగా, అయోమయంగా నిలబడుతుంది. ఎవరి కంత కింద దొడ్డి వాళ్ళది. రన్ అయ్యాక వాటిని లెక్కపెట్టి పుస్తకంలో రాస్తారు. రోజుకి 300 కోసేవాడంటే మంచి షియరర్ కింద లెక్క.

ఇక రౌసీ పని. పొట్ట ఉన్ని వేరు, తోక దగ్గరి మురికి వేరు, తల మీది పొట్టి ఉన్ని వేరు. దేని బుట్టలోకి అది వెళ్ళాలి. మిగిలిన ఉన్నంతా గొర్రె మీద నుంచి ఒకే ముక్కగా ఊడొస్తుంది, దాన్ని ఫ్లీస్ అంటారు. అది నేల మీద కుప్పగా పడి ఉంటుంది, షియరర్ రెండో గొర్రె కోసం తలుపు తోసే లోపే ఎత్తుకుపోవాలి. మధ్యాహ్నం పెద్దావిడ నాకు ఎత్తడం నేర్పింది. వెనక కాళ్ళ దగ్గరి కొసలు రెండు చేతులతో గట్టిగా పట్టుకోవాలి. మోచేతులతో మిగతాదంతా దగ్గరికి లాక్కుని గుండెలకి అదుముకోవాలి. చెక్క పలకల టేబుల్ దగ్గరికి పరుగెత్తి, పట్టుకున్న కొసలు వదలకుండా మిగతాదాన్ని ఎత్తుగా ముందుకు విసరాలి. సరిగ్గా పడితే, మంచం మీద దుప్పటి పరిచినట్టు గాల్లోనే విచ్చుకుని టేబుల్ అంతా పరుచుకుంటుంది. కొసలు ఒక్క క్షణం ముందు వదిలితే ఉండచుట్టుకుపోతుంది. బలం కాదు, వదలకపోవడం ముఖ్యం. "కొసలు, కొసలు!" అని రెండో రౌసీ వెనక నుంచి అరుస్తూనే ఉంది. అది ఒకసారి చేతికొచ్చాక రన్ అయిపోయేదాకా నన్నెవరూ చీపురు పట్టుకోమనలేదు.

పరిచిన ఫ్లీస్ చుట్టూ అంచులు చకచకా లాగెయ్యాలి, పేడ అంటినవీ రంగు మారినవీ. పలకల సందుల్లోంచి చిన్న తునకలు కిందికి రాలిపోతాయి. అప్పుడు చుట్టచుట్టి ప్రెస్‌లోకి. ప్రెస్ దాన్ని అణిచి 180 కిలోల దాకా ఉండే చదరపు బేల్ చేస్తుంది. దాని మీద ఫామ్ పేరూ రకమూ స్టెన్సిల్‌తో రాస్తారు.

తిండి సంగతి చెప్పకపోతే అన్యాయం. స్మోకోకి ఇంటావిడ ట్రే నిండా స్కోన్లు, గుడ్డు సాండ్‌విచ్‌లు, పండక్కని చేసిన ఎండుపళ్ళ కేక్ తెచ్చింది. మధ్యాహ్నం ఓవెన్‌లో కాల్చిన గొర్రె మాంసం, కొత్త బంగాళాదుంపలు, పుదీనా సాస్. మాంసం వెన్నలా ఉంది, ఉప్పు తప్ప ఏమీ లేదు. ఇంత మంచి మటన్‌కి కారం వెయ్యకుండా ఎలా వదిలేశారో నాకిప్పటికీ మింగుడు పడదు. భోజనం కాగానే షియరర్లు ముగ్గురూ నేల మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుముని చదును చేసుకున్నారు. ఒకతనికి పాతికేళ్ళుంటాయేమో, వెన్ను అప్పుడే అరిగిందట. క్రిస్మస్ ముందు వాళ్ళకి ఇదే ఆఖరి షెడ్డు.

మధ్యాహ్నం బేళ్ళు పెరుగుతుంటే పెద్దాయన్ని అడిగాను, వీటికి ఎంత వస్తుందని. నవ్వాడు. మెరినో జాతి గొర్రెల ఉన్ని బట్టలకి వెళ్తుంది, దానికి ధర ఉంది. వీళ్ళవి రామ్నీ జాతి కలిసిన గొర్రెలు, ఉన్ని మొరటు, తివాచీలకి వెళ్ళేది. తివాచీల్లోకి నైలాన్ వచ్చి దాన్ని తోసేసింది. చాలా ఏళ్ళుగా ఉన్ని డబ్బు కోత కూలికే బొటాబొటీ, ఒక్కోసారి అదీ రాదట. మరి ఎందుకు కోయించడం? గొర్రె బాగుండాలి కదా, కోయించకపోతే ఈగలకి వదిలేసినట్టే అన్నాడు. 1982లో ఈ దేశంలో 7 కోట్ల గొర్రెలుండేవి, ఇప్పుడు 2.4 కోట్ల దరిదాపుల్లో ఉన్నాయి. ఉన్ని మీద బతికే రోజులు పోయి మాంసం మీద బతుకుతున్నారు. పాడి వైపు మళ్ళినవాళ్ళు మళ్ళారు, కొండలు పైన్ చెట్లకి అమ్మినవాళ్ళు అమ్మారు. అంతా తెలిసి కూడా టేబుల్ దగ్గర ఒక్క మురికి తునక కనబడితే పెద్దావిడ ఊరుకోలేదు.

అయిదున్నరకి మోటార్లు ఆగాయి. పెద్దాయన బీరు డబ్బాలు తెచ్చి అందరికీ మెర్రీ క్రిస్మస్ చెప్పాడు. నా చేతులు ఉన్ని జిడ్డుకి నున్నగా మెత్తబడ్డాయి, లానొలిన్ అని క్రీముల్లో కలిపేది ఇదే. బట్టల వాసన మాత్రం ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. వెళ్ళేవాళ్ళు పారేసినా బాధ లేని జీన్స్ వేసుకుని వెళ్ళండి.

అప్పటికి ఇంటి దగ్గర పొద్దున పది దాటింది. నాన్నకి వీడియో కాల్ చేసి షెడ్డంతా చూపించాను. మధ్యాహ్నం తీసిన వీడియో కూడా పంపాను. ఆయన మొదట అడిగింది గొర్రె గురించే.

"గదేందిరా, కాళ్ళు గట్టరా?"

"కట్టరు నాన్నా. కూర్చోబెడితే ఊరుకుంటది."

నమ్మలేదు. మా ఊళ్ళో గొర్రెని పడుకోబెట్టి, కాళ్ళు కట్టి, కత్తెరతో కోస్తారు. అదీ దక్కనీ గొర్రెలున్న ఇళ్ళలోనే. ఇప్పుడు ఎక్కడ చూసినా నెల్లూరు రకమే, వాటికి ఉన్నే ఉండదు. ధర సంగతి చెప్పాను.

"ఈడ గూడ గంతే. గొంగడి నేసెటోళ్ళు లేరు, బొచ్చు అడిగెటోడు లేడు" అన్నాడు. కాసేపాగి, "ఆ మిషన్ జర దగ్గరికి పెట్టి సూపియ్యి" అన్నాడు.

పక్కనే బీరు తాగుతున్న షియరర్‌ని అడిగితే సంతోషంగా హ్యాండ్‌పీస్ పట్టుకొచ్చి, దాని ముందుండే ఇనప దువ్వెన విప్పి, పళ్ళు కెమెరాకి ఆనించి చూపించాడు. గొర్రె రకాన్ని బట్టి దువ్వెన మారుస్తామని చెప్పాడు, నేను తెలుగులో చెప్పాను. నాన్న ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మన గొర్రె తోలు పల్సన. గీ పండ్లు పెడ్తే తెగుతది. ఇంతకంటె సన్నపుది ఉన్నదేమో అడుగు."

ఉందట. ఆ చిన్న దువ్వెన ఒకటి కొని ఫిబ్రవరిలో ఇంటికి వెళ్ళేవాళ్ళ చేత పంపమన్నాడు. హ్యాండ్‌పీస్ లేకుండా దువ్వెన ఒక్కటే ఏం చేసుకుంటావు నాన్నా అంటే, ముందు అది రానియ్యి అన్నాడు.