ఎమ్మెల్సీ రిజిస్టరులో నా పేరు

పదకొండేళ్లుగా ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన గాయాల కేసు) రిజిస్టరులో ఎంతోమంది దెబ్బలు ఎక్కడం చూశాను. ఆ రాత్రి చివరి వరుసలో నా పేరు ఎక్కింది.

విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సును. తలకు దెబ్బ తగిలినవాళ్లు ఒళ్లు తెలియక తిరగబడటం మాకు కొత్త కాదు, దాని మీద ఎవరూ కేసు పెట్టరు. ఇతను అలా కాదు. బైకు మీద నుంచి పడి వచ్చాడు. సీటీ స్కాన్‌లో ఏమీ లేదని తేలింది. కుట్లు వేయించుకుని, మంచినీళ్లు అడిగి తాగి, డిశ్చార్జి ఆలస్యమవుతోందని నా చేయి మెలిపెట్టి గోడకేసి నెట్టాడు.

"క్షమాపణ చెప్పిస్తాంలే అమ్మా, స్టేషను దాకా ఎందుకు?" అన్నారు పరిపాలనాధికారి. డ్యూటీ డాక్టరు మాత్రం, "ముందు మీ చేయి చూపించండి సిస్టర్" అని ఎమ్మెల్సీ రాశారు. ఆ కాగితమే లేకపోతే నా మాట గాలికి పోయేది.

స్టేషనులో రైటరు (కేసులు రాసే పోలీసు) మామూలు కొట్లాటగా రాయబోయారు. భారతీయ న్యాయ సంహితలో మామూలుగా గాయపరచడానికి ఉన్న 115(2) ఒక్కటే పెడితే, మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. సర్కారు ఆసుపత్రివాళ్లకైతే ప్రభుత్వోద్యోగిపై దాడి సెక్షన్లు ఉన్నాయి. ప్రైవేటులో ఉన్న మాకు దిక్కు, వైద్య సిబ్బందిపై దాడులను అరికట్టడానికి మన రాష్ట్రం 2008లో చేసిన చట్టమే. మూడేళ్ల వరకు జైలు, యాభై వేల వరకు జరిమానా, నాన్ బెయిలబుల్. ఆ చట్టం పేరు ఫిర్యాదులోనే రాసుకెళ్లాను. ఎస్సై రెండుసార్లు చదివి, "ఇది పెట్టండి" అన్నారు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగితే ఇచ్చారు.

సీసీ కెమెరా దృశ్యాల దగ్గరే అసలు తలనొప్పి. పాతవి చెరిగిపోయేలోగా తీయించాలి. పైగా భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద, ఆ దృశ్యాలను ఏ పరికరం నుంచి ఎలా తీశారో తెలిపే ధ్రువపత్రం కావాలన్నారు. దాని మీద సంతకం పెట్టడానికి మా కంప్యూటర్ విభాగం కుర్రాడు రెండు రోజులు జంకాడు. పాపం, కోర్టు అంటే అతనికి నాకన్నా భయం.

అరెస్టు చేస్తారనుకున్నాను. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరం కనుక, పిలిచినప్పుడు హాజరు కావాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇచ్చి అతన్ని పంపేశారు. నాన్ బెయిలబుల్ అంటే లోపల వేయడమే అనుకున్న నాకు అదొక పాఠం.

ఎనిమిదో రోజు కుట్లు తీయించుకోవడానికి అతను మా దగ్గరికే వచ్చాడు. చీటీలో పేరు చూసి పక్క సిస్టర్ నా చేతిలోని ట్రే అందుకుంది. నేను లేచి లోపలికి వెళ్లలేదు. అక్కడే కూర్చుని కేసు షీట్లు రాసుకున్నాను.